ప్రియుడు వైద్యుడు కాకుండా: రొమాంటిక్ ఫాంటసీలో కోలుకోవడాన్నీ, స్త్రీల స్నేహాన్నీ రాయడం ఎలా

రొమాంటిక్ ఫాంటసీ, అంటే మంత్రాలూ మాయలూ ఉన్న ఊహాలోకంలో నడిచే ప్రేమకథ, రాయబోయేవారిని మొదటే ఒక సులువైన దారి ఊరిస్తుంది. ఏదో ఘోరం జరిగి నాయిక మనసు చితికిపోయి ఉంటుంది, నాయకుడు వస్తాడు, ఆమెను పొదివి పట్టుకుంటాడు, ఆమె కోలుకుంటుంది. చదవడానికి హాయిగానే ఉంటుంది గాని, ఆమె బతుకంతా ఒక మనిషి దయ మీద ఆధారపడిన క్షణంలోనే అతను ప్రియుడు కావడం మాని వైద్యుడైపోతాడు, ప్రేమకథను నడిపించవలసిన పంతాలూ పట్టింపులూ ఆవిరైపోతాయి. అందువల్ల కోలుకునే పనిని ప్రియుడొక్కడికే అప్పగించకుండా స్నేహితురాళ్లకూ, శరీరశ్రమకూ, కాలానికీ పంచిపెట్టాలి. దీనికి ఉదాహరణగా సారా జె. మాస్ 2021లో ప్రచురించిన 'ఎ కోర్ట్ ఆఫ్ సిల్వర్ ఫ్లేమ్స్' నవలను తీసుకుంటున్నాను. కథలోని మలుపులు కొన్ని ఇక్కడ బయటపడతాయి కనుక, ఇంకా చదవనివారు ముందు ఆ నవల పూర్తిచేయడం మంచిది.

గాయాన్ని వర్ణనతో కాక, ఒక గుర్తుతో మొదలుపెట్టండి. ఈ నవల మొదలయ్యే నాటికే, నాయిక నెస్టా కళ్లముందు శత్రురాజు ఆమె తండ్రిని మెడ విరిచి చంపి ఉంటాడు. ఆ తరువాత పొయ్యిలో కట్టె చిటపటలాడినప్పుడల్లా ఆమెకు ఆ ఎముక విరిగిన శబ్దమే వినిపిస్తుంది, అందుకే చలిలోనైనా గదిలో నిప్పు వెలిగించనివ్వదు. ఆమె ఎంత దుఃఖంలో ఉందో పేజీల కొద్దీ చెప్పినా కలగని నమ్మకం ఈ ఒక్క అలవాటుతో కలుగుతుంది. పైగా ఆమె నిప్పు ముందు కూర్చోగలిగిన రోజున, ఎంత దూరం వచ్చిందో రచయిత వేరే చెప్పనక్కరలేదు. నాయికను జాలిగొలిపే బొమ్మగా మాత్రం తయారుచేయకండి. నెస్టా తాగుతుంది, చెల్లెలి డబ్బు ఖర్చుపెడుతుంది, దగ్గరికి వచ్చినవారిని మాటలతో కోస్తుంది. బాధ మనిషిని మెత్తబరుస్తుందనే భ్రమ ఎక్కువగా సీరియళ్లలోనే కనిపిస్తుంది.

కోలుకునే క్రమానికి మనోవైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో ప్రతిపాదించిన మూడు దశలు ఇప్పటికీ మంచి ఆధారం. ముందు భద్రత కుదరాలి, తరువాత జరిగినదాన్ని తలచుకుని దుఃఖించగలగాలి, ఆ తరువాత మళ్లీ లోకంతో సంబంధం కలుపుకోవాలి. ఇవి వరుసగా ఒకదాని తరువాత ఒకటి జరిగిపోవని, మనిషి ముందుకూ వెనక్కూ పోతుంటుందని ఆమే స్పష్టంగా చెప్పారు. ఈ వెనకడుగులను చూపడానికి కథలో కొలవదగిన వస్తువు ఒకటి ఉంటే రాసే పని చాలా తేలికవుతుంది. కుటుంబం నెస్టాను ఉంచిన కొండమీది ఇంటి నుంచి నగరానికి దిగాలంటే పదివేల మెట్లున్నాయి. మొదట్లో ఆమె తాగడానికి పోవాలన్న తపనతో దిగుతూ, మధ్యలోనే కాళ్లు వణికి తిరిగి ఎక్కవలసి వస్తుంది. ఆ మెట్ల సంఖ్యే పాఠకుడికి ఆమె స్థితిని చెబుతూ ఉంటుంది. మీ కథలో అది ఈదవలసిన నది కావచ్చు, నేయవలసిన బట్ట కావచ్చు. ఏదైనా సరే, కనీసం ఒకసారి ఆమె నిన్నటికంటే తక్కువ దూరమే పోగలగాలి.

స్నేహం విషయానికి వస్తే, కొత్త రచయితలు ఎక్కువగా తడబడేది మొదటి పరిచయం దగ్గరే. ఇద్దరు స్త్రీలు కలుసుకున్న మొదటి సన్నివేశంలోనే గతాన్నంతా విప్పుకుని ఏడ్చే పద్ధతి నాకు ఎప్పుడూ నమ్మదగినదిగా తోచలేదు. ఈ నవలలో గ్వీన్ ఒక పూజారిణి, గ్రంథాలయంలో కోపిష్ఠి పండితురాలి దగ్గర పనిచేస్తుంటుంది. గ్వీన్ పొరపాటున ఆ పండితురాలికి ఇచ్చిన పుస్తకం స్థానంలో సరైన ప్రతిని గుట్టుగా పెట్టి రావడమే నెస్టా ఆమెకు చేసిన మొదటి సాయం. చిన్న పనే అయినా అందులో కొంత సాహసముంది, కొంత నవ్వుంది, గతం ప్రస్తావన మాత్రం లేదు. తనతో పాటు యుద్ధశిక్షణలో చేరేవారి కోసం నెస్టా గ్రంథాలయంలో కాగితం పెట్టినప్పుడు ఎవరూ పేరు రాయరు, చివరకు మొదట ముందుకొచ్చేది గ్వీనే. మరో స్నేహితురాలు ఎమరీ దారి వేరు. ఆమె తండ్రి వదిలిపోయిన దుకాణాన్ని ఒంటరిగా నడుపుకునే వ్యాపారి. రెక్కలతో పుట్టే జాతిలో పుట్టినా, ఆడపిల్ల ఎగరకూడదన్న ఆచారం పేరుతో ఆ తండ్రే ఆమె రెక్కలు కత్తిరించాడు.

ముగ్గురి గాయాలూ వేరని, ముగ్గురికీ ఎవరి జీవనోపాధి వారికుందని ఇక్కడ గమనించాలి. మీ చిత్తుప్రతిని పరీక్షించడానికి, స్నేహితురాలున్న సన్నివేశం నుంచి నాయికను తీసివేసి చూడండి. ఆ స్నేహితురాలికి అప్పుడు చేయడానికి పని, కోరుకోవడానికి ఒక కోరిక, భయపడడానికి ఒక కారణం మిగిలితే ఆమె పాత్ర నిలుస్తుంది. లేకపోతే ఆమె నాయిక మాటలకు తలూపే మనిషిగానే ఉండిపోతుంది. వాళ్లు నాయకుడి గురించి కాక మరేదైనా మాట్లాడుకునే సంభాషణలు ఎక్కువగా ఉండాలి. నెస్టా బృందం ప్రేమ నవలలు చేతులు మార్చుకుంటూ చదివి ఆటపట్టించుకునే ఘట్టాలు అందుకే బాగుంటాయి. గతాన్ని చెప్పే ఘట్టం ఎప్పుడు రావాలన్నది చెప్పే పాత్రే నిర్ణయించుకోవాలి. వినే పాత్ర సలహాలు ఇవ్వకూడదు, హింస వివరాలు కూడా అవసరమైనంతకు మించి కాగితం మీదికి రాకూడదు.

తెలుగులో రాసేవారికి ఇక్కడ ఒక సౌకర్యముంది. 'మీరు' అని మొదలైన ఇద్దరు స్త్రీల మధ్య 'నువ్వు' ఎప్పుడు వచ్చింది, 'అక్కా' ఎక్కడ చేరింది, ఏ కోపంలో 'ఒసేయ్' దొర్లింది అన్నది జాగ్రత్తగా నడిపితే స్నేహం ఎంత చిక్కబడిందో వ్యాఖ్యానం లేకుండానే తెలుస్తుంది. ఆడవాళ్లు కూడే చోటును కూడా ఆలోచించి ఎంచుకోండి. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో అక్షరాలు నేర్చుకోవడానికి చేరిన స్త్రీలే సారా అమ్మకాలకు వ్యతిరేకంగా కదిలారు. ఒక పని కోసం కూడి మరొక బలాన్ని కనుగొనడం మన దగ్గర జరిగిన చరిత్రే కనుక, మీ ఊహాలోకంలోని నేతశాలకో, మంత్రపాఠశాలకో ఈ స్వభావాన్ని నిస్సంకోచంగా తీసుకోవచ్చు.

నాయకుడిని పక్కన పెట్టమని నేను అనడం లేదు. ఈ నవలలో నెస్టాకు శిక్షణ ఇచ్చేది నాయకుడు కాసియనే, ఓపికగా తోడుండేదీ అతనే. అయితే పతాక ఘట్టానికి ముందు ముగ్గురు స్త్రీలనూ ఎత్తుకుపోయి, ఆయుధాలూ మంత్రశక్తీ లేని ప్రాణాంతకమైన పోటీలో పడేస్తారు. బయటివారు జోక్యం చేసుకోరాదన్నది అక్కడి శాసనం కనుక అతను వెంటనే వచ్చి కాపాడలేడు. స్నేహితురాళ్లు శిఖరం చేరడానికి నెస్టా కనుమ దగ్గర ఒంటరిగా నిలబడి శత్రువులను ఆపుతుంది. నాయకుడిని ఆపవలసింది యాదృచ్ఛికం కాదు, మీ లోకపు నియమమే. దాన్ని కథ మొదటి మూడో వంతులోనే పాఠకుడికి తెలియజేయాలి. మంత్రశక్తికీ ఇలాంటి హద్దు అవసరం. నెస్టాకు వచ్చిన అసాధారణ శక్తి ఆమెకు భయాన్ని పెంచిందే గాని నెమ్మదినివ్వలేదు. మీ లోకంలో వైద్యులు విరిగిన ఎముకను ఒక్క రాత్రిలో అతికించగలిగితే, మనసును ఎందుకు అలా అతికించలేరో ముందే తేల్చుకోండి.

ఈ నవలను పూర్తిగా అనుకరించమని కూడా చెప్పను. కుటుంబం ఆమె ఇష్టాన్ని కాదని ఆ ఇంట్లో ఉంచడాన్ని రచయిత్రి ప్రేమగానే ఎక్కువగా చూపారు. హెర్మన్ దృష్టిలో కోలుకోవడానికి మూలం మనిషి చేతికి అధికారం తిరిగి రావడమే కనుక, ఆ బలవంతాన్ని కథలో ఎవరో ఒకరు గట్టిగా ప్రశ్నించి ఉండవలసిందని నా అభిప్రాయం. మీరు అలాంటి ఘట్టం రాస్తే, ఆ ప్రశ్నను స్నేహితురాలి నోట పెట్టండి.

భాగాలుగా ప్రచురించే ధారావాహిక అయితే, ప్రతి భాగం చివరా ఉత్కంఠ ఉండాలన్న ఒత్తిడి కోలుకోవడాన్ని తొందరపెడుతుంది. ఆ ఉత్కంఠను యుద్ధానికో, ప్రేమకో, స్నేహితురాలి సమస్యకో అప్పగించి, నాయిక మనసును మాత్రం దాని వేగంతో దాన్ని నడవనివ్వండి. పెళ్లి కుదిరిన తరువాతి అధ్యాయంలోనూ స్నేహితురాళ్లకు చోటుంచండి; అప్పటికి వాళ్లలో ఒకరి సమస్యయినా తేలకుండా ఉండి, అందుకోసం నాయిక బయలుదేరవలసిన అవసరం కథలో మిగిలి ఉండాలి.