నంది కొండకు పోతే ముందు కింది గుడి, తర్వాతే కొండ

బెంగళూరులో యలహంక వైపు ఇల్లు తీసుకున్నవాళ్లకు ఒక సంగతి తప్పదు. విమానాశ్రయం దగ్గర కాబట్టి అమెరికా పోయేవాళ్లు, వచ్చేవాళ్లు, వాళ్లను సాగనంపడానికి ఊరినుంచి వెంట వచ్చేవాళ్లు, అందరూ మనింట్లోనే దిగుతారు. దిగినవాళ్లకు ఒక పూట ఖాళీ దొరికితే "చూసేదేమన్నా ఉందా ఈడ?" అని అడుగుతారు. నేను లాల్‌బాగ్ పేరెత్తను. తోట మంచిదే గానీ, మా వైపునుంచి ఊరంతా దాటుకుని పోయేసరికి సగం పూట ట్రాఫిక్‌కే సరిపోతుంది. కారు ఉత్తరం వైపు తిప్పి నంది కొండకు, అదే నంది హిల్స్‌కు, తీసుకుపోతాను. మాది తాడిపత్రి, పెన్న ఒడ్డు. మా ఊరివాళ్లకు ఆ కొండ చూపించడంలో నాకింకో లెక్క కూడా ఉంది, అది తర్వాత చెప్తాను.

కొండ ఎత్తు సముద్రమట్టానికి 1,478 మీటర్లు. బెంగళూరే తొమ్మిది వందల మీటర్ల పైన ఉంది కాబట్టి ఊటీ అంత చలి ఉంటుందనుకోకండి, మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది, అంతే. గాలి మాత్రం గట్టిగా కొడుతుంది. పైన ఉద్యానశాఖ వాళ్ల తోట, పాత కోట గోడలు, రాతి కోనేరు, శిఖరం మీద గుడి. అన్నీ నడిచి చూసేవే.

అందరూ చేసే పని సూర్యోదయానికి పోవడం. శనివారం, ఆదివారం తెల్లవారుజామున మూడింటికే బైకులు బయల్దేరతాయి. గేటు మామూలుగా ఆరింటికి తీస్తారు. ఇక్కడ చిన్న లెక్క వేసుకోండి. మే, జూన్ నెలల్లో బెంగళూరు వైపు సూర్యుడు ఆరు కాకముందే పైకొస్తాడు. అంటే మీరు గేటు ముందు వరసలో హారన్లు వింటూ ఉండగానే ఆయన పని ఆయన కానిచ్చేస్తాడు. జనవరిలో ఆరూముప్పావు దాకా రాడు కాబట్టి టికెట్ తీసుకుని పైకెక్కే టైము ఉంటుంది. మబ్బులు కాళ్ల కింద పరుచుకున్నట్టు కనిపించే ఫొటోలు కూడా వానలు వెనకబట్టాక, చలికాలం పొద్దున తీసినవే ఎక్కువ. అది కావాలనుకుంటే డిసెంబరు, జనవరి నెలల్లో వారం మధ్యలో పోండి. గేటు వేళలు, సెలవురోజుల్లో బండ్లకు పెట్టే ఆంక్షలు మారుతూ ఉంటాయి, ముందు రోజు ఒకసారి చూసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే మాత్రం నా మాట విని సూర్యోదయం సంగతి మరిచిపోండి. ఆ గుంపు కొండ దిగే వేళకు మీరు ఎక్కడం మొదలుపెట్టండి.

అందుకే ముందు కింది గుడి. కొండ అడుగున నంది అనే పల్లె ఉంది, అక్కడ భోగ నందీశ్వరుడి గుడి. యలహంకనుంచి హైదరాబాద్ హైవే పట్టుకుని దేవనహళ్లి దాటాక ఎడమకు తిరగాలి, బోర్డులు ఉంటాయి. అనంతపురం, హిందూపురం వైపునుంచి కారులో వచ్చేవాళ్లు బెంగళూరు దాకా వచ్చి మళ్లీ వెనక్కి పోతుంటారు, ఎందుకో నాకర్థం కాదు. బాగేపల్లి మీదుగా వస్తే చిక్కబళ్లాపురం దగ్గరే నందికి దారి ఉంది. బస్సయితే బెంగళూరు మెజెస్టిక్ బస్టాండు నుంచి నేరుగా కొండమీదికి పోయేవి తక్కువ, చిక్కబళ్లాపురం పోయేవి బోలెడు. అక్కడ దిగి మారడమే సుఖం. యలహంకలో చిక్కబళ్లాపురం రైలెక్కితే నంది హాల్ట్ అని చిన్న స్టేషను వస్తుంది. దిగితే గుడికి నడిచే దూరమే. టికెట్ ధర తక్కువ, కిటికీలోంచి కొండ దగ్గరపడుతూ కనిపిస్తుంది. నాకైతే రైలే ఇష్టం, కానీ మా అత్తకు ఆ ప్లాట్‌ఫారం ఎత్తు పడదు.

పొద్దున గుడి దగ్గర జనం ఉండరు. లోపల పక్కపక్కన రెండు పెద్ద గుళ్లు, ఒకదాంట్లో అరుణాచలేశ్వరుడు, ఇంకోదాంట్లో భోగ నందీశ్వరుడు, మధ్యన ఉమామహేశ్వరుడు. పునాది తొమ్మిదో శతాబ్దిది. బాణ రాణి రత్నావళి కట్టించిందని శాసనం ఉంది. తర్వాత చోళులు, హొయసలులు, విజయనగరం రాజులు వాళ్లవాళ్ల పని కలుపుతూ పోయారు. చరిత్ర పట్టనివాళ్లను కూడా నేను ఉమామహేశ్వరుడి ముందున్న కల్యాణమండపం దగ్గర నిలబెడతాను. నల్లరాతి స్తంభాలు. దగ్గరికి పోయి ముక్కు ఆనేంత దూరంలో చూడండి: కిందనుంచి తీగ మెలికలు తిరుగుతూ పైకి పాకుతుంది, ఆ మెలికల్లో చిలకలు. తీగకూ రాతికీ మధ్య వేలు దూరేంత సందు తొలిచారు కొన్నిచోట్ల. చిక్కిన సందులో కాస్త దుమ్ము, ఎవరో పెట్టిన కుంకుమ. ఇది చూడకుండా నేరుగా కొండెక్కి సెల్ఫీ తీసుకుని దిగిపోయేవాళ్లే నూటికి తొంభై మంది.

పక్కన ప్రాకారం దాటితే శృంగి తీర్థం. నాలుగు వైపులా మెట్లు, చుట్టూ రాతి మంటపాలు. నంది తన కొమ్ముతో నేలను పొడిస్తే గంగ పైకొచ్చిందని, దక్షిణ పినాకిని, అంటే దక్షిణ పెన్న, ఇక్కడే పుట్టిందని స్థలపురాణం. పెద్దవాళ్లను అక్కడ కాసేపు కూర్చోబెట్టండి, టిఫిను విప్పేది కూడా ఈ ఊళ్లోనే కానివ్వండి, గుడి బయట. పైన విప్పితే తినేది మీరు కాదు, కోతులు.

కోతుల సంగతి నవ్వులాటకు చెప్పడం లేదు. వాటికి కవరు చప్పుడు తెలుసు. మా ఆడపడుచు కొడుకు చేతిలో చిప్స్ ప్యాకెట్టు ఉంటే వెనకనుంచి వచ్చి లాక్కుని చెట్టెక్కింది ఒకటి. పళ్లతో కొసను చించి, లోపల చేయి పెట్టి ఒక్కొక్కటే తీసి తింటా, మధ్యమధ్యలో వాడి వైపు చూస్తా ఉంది. వాడు ఏడుపు. కాబట్టి తినేవన్నీ డిక్కీలో, జిప్పున్న బ్యాగులో. చేతిలో ప్లాస్టిక్ సంచి అసలు వద్దు. కళ్లజోడు, ఫోను జాగ్రత్త. లాక్కున్నాక వెంటపడితే కరుస్తాయి.

ఘాట్ రోడ్డు మలుపుల మయం. కార్లో కడుపు తిప్పేవాళ్లుంటే ముందు సీటు ఇవ్వండి, ఒక నిమ్మకాయ ఇవ్వండి. బైకు మీద పోయేవాళ్లు దిగేటప్పుడు న్యూట్రల్‌లో పెట్టకుండా గేర్‌లోనే దిగండి. సత్తువ ఉన్న కుర్రాళ్లకు సుల్తాన్‌పేట వైపునుంచి మెట్లదారి ఉంది, వెయ్యికి పైగా మెట్లు, కోట గోడల మధ్యనుంచి పోతుంది. వానాకాలం మాత్రం బయల్దేరే ముందు దారి తెరిచి ఉందో లేదో కనుక్కోండి. 2021 ఆగస్టులో పెద్ద వానలకు కొండచరియ విరిగి రోడ్డు కొట్టుకుపోతే నెలల తరబడి మూసేశారు.

పైకి చేరాక ముందు అమృత సరోవరం. ఊటనీటి కోనేరు, చతురస్రంగా మెట్లు దిగుతూ పోతాయి. దాని పైన తోట, పచ్చిక, నీలగిరి చెట్లు. పిల్లలకు పిట్టల పిచ్చి ఉంటే పెద్దచెట్ల కింద మెల్లగా నడవమనండి. పడమటి కనుమల్లో ఉండే నీలగిరి అడవి పావురం ఈ కొండమీద కూడా ఉంది. మంచుకు తడిసే ఆ కొండకొమ్ము అడవి దానికి పట్టుకొమ్మ. మామూలు పావురంకన్నా పెద్దది, మెడ మీద నలుపు తెలుపు గళ్లు. కనిపిస్తే అదృష్టం, లేకపోతే రెక్కల చప్పుడు వినిపిస్తుంది.

బంగ్లాలు బయటనుంచి చూస్తే చాలు. బ్రిటిషువాళ్ల కాలంలో మైసూరు కమీషనర్‌గా చేసిన మార్క్ కబ్బన్ వేసవిలో వచ్చి ఉండేవాడు, బెంగళూరులో ఉన్న కబ్బన్ పార్కు ఆయన పేరుదే. గాంధీగారు 1927లో జబ్బు పడినప్పుడు కోలుకోవడానికి ఇక్కడికే వచ్చారు, 1936లో మళ్లీ వచ్చారు. 1986లో బెంగళూరులో దక్షిణాసియా దేశాల సార్క్ సమావేశం జరిగినప్పుడు దేశాధినేతలను ఈ కొండకే తెచ్చారు. కోట హైదర్, టిప్పు గట్టి చేసినదే అయినా 1791 అక్టోబరు 19న ఇంగ్లీషు సైన్యం పట్టుకుంది. టిప్పు డ్రాప్ అనే కొండ అంచునుంచి ఖైదీలను తోసేవారని చెప్తారు. జనమంతా అక్కడే. కంచె దాటి రాతి మీద నిలబడి ఫొటో దిగేవాళ్లు రోజూ ఉంటారు, మీతో వచ్చిన పిల్లల చేయి వదలొద్దు.

శిఖరం మీద యోగ నందీశ్వరుడు. కింద ఉన్నది భోగం, ఇక్కడ ఉన్నది యోగం, కాబట్టి ఈయనకు ఉత్సవాలు చేయరంటారు. గుడి వెనకవైపు గాలికి చీర కొంగు నిలవదు, పిన్ను పెట్టుకోండి. చెప్పులు విడిస్తే పొద్దున రాయి చల్లగా తడిగా ఉంటుంది, సాక్స్ తొడుక్కుంటే మోకాళ్ల నొప్పులవాళ్లకు మంచిది. పార్కింగునుంచి ఇక్కడిదాకా ఎక్కుడు నడక. వృద్ధులకు తొందర పెట్టకుండా మధ్యలో బెంచీల మీద కూర్చోనివ్వండి.

ఇప్పుడు నా లెక్క. మా అత్త మొదటిసారి వచ్చినప్పుడు ఆ రాళ్ల మీద నిలబడి చుట్టూ చూసి అడిగింది: "పెన్న పుట్టేది ఈడేనంటివి గదా, నీళ్లు యాడుండాయే?" నది కనిపించదు. ఎవరన్నా రివర్ వ్యూ అని చెప్తే నమ్మొద్దు. పెన్న పుట్టేది ఈ నంది కొండల వరసలోనే ఉన్న చెన్నకేశవ కొండలో. పై నుంచి కనిపించేవి చెరువులు. తొమ్మిది దాటాక మంచు విడితే ఎండకు ఒక్కొక్కటే మెరుస్తాయి. అందుకే నేను సూర్యోదయం మానుకుని ఆ టైముకు పైకి తెస్తాను.

మొహం ఉత్తరం వైపు పెట్టి నిలబడండి. అటు పడ్డ వానంతా మనది. పెన్న గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు దిగి, పావగడ తాలూకాలో మళ్లీ కర్ణాటకలోకి తొంగిచూసి, ఆంధ్రలోకి తిరిగొచ్చి, తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి పక్కగా పోయి, గండికోట దగ్గర కొండను కోసుకుని, 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లాలో ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. చిత్రావతి ఈ కొండల చుట్టుపక్కలే పుట్టి బాగేపల్లి, పుట్టపర్తి మీదుగా వచ్చి పెన్నలోనే కలుస్తుంది. పాపాఘ్ని కూడా అంతే, గండి ఆంజనేయుడి ముందునుంచి పోయి కమలాపురం దగ్గర కలుస్తుంది. దక్షిణం వైపు తిరిగితే అర్కావతి, అది కావేరికి. తూర్పు వైపు జారిన నీళ్లు పాలారుకూ, దక్షిణ పినాకినికీ. అంటే పుట్టపర్తివాళ్లూ, నెల్లూరువాళ్లూ, వేలూరువాళ్లూ, కడలూరువాళ్లూ తాగే నీళ్ల లెక్క ఈ చుట్టుపక్కల గుట్టల్లోనే మొదలవుతుంది. పిల్లలకు ఫోనులో మ్యాపు తెరిచి ఒక్కో నదినీ వేలితో కిందిదాకా లాగమని చెప్పండి. మా పిల్లలు టిప్పు డ్రాప్ మరిచిపోయారు గానీ ఇది మరిచిపోలేదు.

మా అత్త దానికీ ఊరుకోలేదు, "ఇన్ని నదులు పుట్టే కాడ బోర్లు ఎండుతాయంటనే" అంది. నిజమే. ఈ కొండ ఉన్న చిక్కబళ్లాపురం జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు. ఇక్కడి చెరువుల్లో కొన్ని ఇప్పుడు నిండుగా ఉన్నాయంటే, బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి హెబ్బాళ, నాగవార లోయలనుంచి పంపు చేసి తెస్తున్నారు కాబట్టి. ఆ నీళ్ల మంచిచెడ్డల మీద రైతుల్లో వాదాలున్నాయి, అది వేరే కథ.

భాషకు ఇబ్బంది లేదు. చిక్కబళ్లాపురం జిల్లాలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. కీరకాయకు ఉప్పు కారం పూసి అమ్మే ఆమెతో కన్నడంలో తడబడక్కర్లేదు, "ఎంతమ్మా?" అంటే చాలు. పైన కర్ణాటక పర్యాటక సంస్థ వాళ్ల హోటలు ఉంది, కాఫీకి పర్వాలేదు. భోజనం చిక్కబళ్లాపురంలోనో దేవనహళ్లిలోనో చూసుకోండి.

దిగాక ఒక గంట మిగిలితే ముద్దేనహళ్లి దగ్గరే, విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరు. ఆయన ఇంటిపేరులోని మోక్షగుండం మన గిద్దలూరు వైపుదే. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచాక వరదల కట్టడికి పథకం వేసింది ఈయనే కాబట్టి మన హైదరాబాదు చుట్టాలను ఇక్కడికి తప్పకుండా తెస్తాను. ఇల్లు, వస్తువులు భద్రంగా ఉంచారు, సమాధి కూడా అక్కడే.

తిరుగుదారిలో కాలాన్నిబట్టి రోడ్డు పక్కన నల్లద్రాక్ష అమ్ముతారు, బెంగళూరు బ్లూ రకం. గింజ ఉంటుంది, పులుపు తగులుతుంది, రసానికి బాగుంటుంది. దేవనహళ్లి దగ్గర చకోత దొరికితే ఒకటి కొనండి, అదే మన పంపర పనస, లోపల ఎర్రగా ఉంటుంది. చేత్తో ఎత్తి చూసి బరువుగా ఉన్నదే తీసుకోండి, తేలికదాంట్లో తొక్కే ఎక్కువ. సాయంత్రం నాలుగు లోపల సాదహళ్లి టోల్ దాటేయండి. ఆ తర్వాత విమానాశ్రయం బండ్లూ, ఆఫీసు బస్సులూ కలిసి హెబ్బాళ ఫ్లైఓవరు దాకా కదలనివ్వవు.