స్క్రీన్‌ప్లే నేర్చుకుందాం – 6: గుమ్మంలో గ్యాస్ బండ

పోయినసారి అభ్యాసంలో తప్పు నాదే. భర్త పోయిన ఆమె, అతని తాగుబోతు స్నేహితుడు – వీళ్లిద్దరి మీద సీన్ రాయమని, ‘దుఃఖం కనపడాలి’ అని రాసి వదిలేశాను. మీరు దాన్ని మేకు కొట్టి గోడకు తగిలించారు. వచ్చిన సీన్లలో దాదాపు అన్నిట్లో దండ వేసిన ఫొటో, దాని ముందు తాగొచ్చిన స్నేహితుడు, ‘వాడి బదులు నేను పోయినా బాగుండేది వదినా’ అనే డైలాగు. విజయవాడ గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూటర్ ఆఫీసుల చుట్టూ తిరిగిన రోజుల నుంచీ నాకా ఫొటో అంటే ఒళ్లుమంట.

ఫొటోలో మనిషి నిక్షేపంగా నవ్వుతూనే ఉన్నాడు కదా. మరి లోటేదీ?

కృష్ణలంకలో ఒక ఇల్లు అనుకోండి. భర్త పెద్దకర్మ అయి నెల. గ్యాస్ బండ వచ్చింది. ‘కోడ్ చెప్పండమ్మా’ అన్నాడు కుర్రాడు. అది ఆయన ఫోన్‌కి వస్తుంది. ఫోనేమో బీరువాలో, చీరల కింద, చార్జింగ్ అయిపోయి. ఆమె తెచ్చి ప్లగ్గుకి పెట్టింది. వెలిగి, లాక్ అడిగింది. ఆమెకు తెలీదు. వరండాలో కూర్చున్న స్నేహితుడు లేచొచ్చి నాలుగంకెలు నొక్కాడు. తెరుచుకుంది.

ఇక్కడ మీరు ఆమె చేత దండం పెట్టిస్తారు. వద్దు. ఆమెకు మండాలి. పన్నెండేళ్లు కాపురం చేసినదానికి తెలియని అంకెలు ఈ తాగుబోతుకు తెలుసు! ‘ఇంకేం తెలుసు నీకు?’ అంతే, కట్.

సుజాన్ బియర్ 2007లో తీసిన ‘థింగ్స్ వి లాస్ట్ ఇన్ ద ఫైర్’ సినిమాలోనూ ఇదే కిటుకు. భర్త పోయాక హాలీ బెర్రీ పాత్ర, హెరాయిన్‌కు అలవాటుపడ్డ అతని స్నేహితుణ్ణి తెచ్చి ఇంట్లో పెట్టుకుంటుంది. నీళ్లలో తల ముంచాలంటే భయపడే ఆమె కొడుకు చేత అతను మునక వేయిస్తాడు. తండ్రి వల్ల కాని పని అది. ఆమె సంతోషించదు, విరుచుకుపడుతుంది. మేలు చేసినందుకు కోపం! మీలో ఒక్కరూ రాయలేదిది.

మత్తు సంగతి ఒక్క ముక్క. మందు మానినవాడికి చేతులు వణుకుతాయి. హెరాయిన్ మానినవాడికి ఆవులింతలు, ముక్కు కారడం, ఒళ్లంతా గగుర్పాటు. మీరు అందరికీ ఒకటే వణుకు పెట్టారు. నేనైతే వణికే చేతికి టీ గ్లాసు ఇవ్వను, సూదిలో దారం ఎక్కించమంటాను.

అభ్యాసం: పై సీన్‌కి తర్వాతి రెండు పేజీలు. సీసా, ఫొటో, ఫ్లాష్‌బ్యాక్, పోయినవాడి పేరు ఉండకూడదు. మూడుసార్లు రాయండి: ఆమె వైపు నుంచి, అతని వైపు నుంచి, తలుపు చాటున చూస్తున్న ఎనిమిదేళ్ల పిల్ల వైపు నుంచి. టైపు చేయొద్దు, చేత్తోనే. బండ ఇంకా గుమ్మంలోనే ఉంది. లోపలికి ఎవరు దొర్లించారో రాయడం మర్చిపోకండి.