మచ్చలో చిక్కిన నరం – 4వ పాఠం: కోతకు ముందు నరాన్ని గుర్తించడం

తెగిన నరపు కొస న్యూరోమాగా ఎందుకు ఉబ్బుతుందో, మానిన గాయంలో నరం మచ్చకు ఎలా అతుక్కుపోతుందో గత పాఠంలో చూశాం. ఈసారి నేర్చుకోవలసింది ఒక్కటే: నొప్పి ఏ నరానిదో శస్త్రచికిత్సకు ముందే తేల్చుకోవడం. కత్తి పట్టడం కంటే ఇదే కష్టమని నా అభిప్రాయం.

చిత్తూరు దగ్గర మామిడి నర్సరీలో అంటుకట్టే కత్తి జారి, బొటనవేలి వైపు మణికట్టు తెగిన ఒక కూలీ తిరుపతి రుయా ఆసుపత్రి ఓపీకి వచ్చిందనుకోండి. గాయం ఎప్పుడో మానినా, గాజు తగిలితే చాలు కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుందని ఆమె చెబుతుంది. అక్కడ చర్మం కిందనే సాగే రేడియల్ నరపు పైశాఖ మీద అనుమానం రావడం సహజమే.

ముందు నొప్పి చోటును ఆమెనే ఒక్క వేలితో చూపమనండి. తరువాత, 1915లో ఫ్రెంచ్ నరాల వైద్యుడు టినెల్ వర్ణించిన పద్ధతిలో, మచ్చకు దూరంగా మొదలుపెట్టి నరం దారి వెంట వేలికొసతో మెల్లగా తడుతూ రండి. బొటనవేలి వెనక్కి జిల్లుమని పాకిన చోట స్కిన్ పెన్‌తో గుర్తు పెట్టండి. తిన్నగా మచ్చ మీదే తడితే ఆమె చేయి లాక్కుంటుంది, ఆపైన వచ్చే జవాబులను నమ్మడం కష్టం.

అయితే ముంజేతి బయటివైపు చర్మనరం చాలామందిలో ఇదే చోటికి దిగుతుంది కాబట్టి, టినెల్ పరీక్ష చోటు చెబుతుందే గాని నరం పేరు చెప్పదు. అందుకే ముందుగా మోచేతి దగ్గర, బైసెప్స్ స్నాయువు పక్కన, ఆ చర్మనరానికి లిగ్నోకెయిన్ (మొద్దుబార్చే మందు) సూది ఇచ్చి, ముంజేయి మొద్దుబారిందని నిర్ధారించుకున్నాకే నొప్పి సంగతి అడగాలి. తగ్గకపోతే, బొటనవేలి వైపు మణికట్టు ఎముక మొనకు సుమారు 9 సెంటీమీటర్ల పైన, బ్రాకియోరేడియాలిస్ అనే ముంజేతి కండరపు అంచు కింద నుంచి పైశాఖ బయటపడే చోట రెండో సూది. రెండూ మొద్దుబారినా నొప్పి అలాగే ఉంటే మూలం ఆ నరాల్లో లేదని, వాటిపై శస్త్రచికిత్సతో మేలు జరగడం అనుమానమేనని గ్రహించి, నొప్పి నిపుణుల వద్దకు పంపడమే మంచిది.

నరం తెగకుండా మచ్చకు అతుక్కుని ఉంటే విడదీస్తారు. న్యూరోమా అయితే కోసి, కొసను బిగువు లేకుండా లోతైన కండరంలో పాతిపెడతారు. రెండో పనిలో మిగిలే మొద్దుబారిన చర్మం గురించి సంతకానికి ముందే చెప్పాలి.

అభ్యాసం: మోచేయి వంచి, బొటనవేలు పైకి పెట్టి, మరో చేత్తో ముంజేతిని కిందికి నొక్కుతూ దాన్ని ఎదిరించండి, ఉబ్బిన కండరపు అంచును మణికట్టు దాకా తడిమి, పైశాఖ బయటపడే చోటును గుర్తించి, అక్కడ తట్టి చూడండి.