బిగుసుకున్న సొరుగుకి కొవ్వొత్తి ముక్క

మా పలాసలో వానలు పట్టాయంటే అమ్మ టేకు డ్రెస్సింగ్ టేబుల్ సొరుగులు మొరాయిస్తాయి. ఓసారి గట్టిగా లాగితే పిడి ఊడి చేతికొచ్చింది. చెమ్మకి చెక్క ఉబ్బుతుంది, అంతే.

సొరుగు పూర్తిగా బయటికి తీసి అడుగు అంచులు చూడండి. రాసుకుంటున్న చోట నున్నగా మెరుస్తుంది. అక్కడ 120 నంబరు గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్ది, పొడి తుడిచేసి, కొవ్వొత్తి ముక్కతో అంచులకీ లోపలి పట్టాలకీ నొక్కి రాయండి. 2018 తిత్లీ తుపాను దగ్గర్నుంచి మా ఇంట్లో కొవ్వొత్తులకి లోటు లేదులెండి! కొబ్బరినూనె మాత్రం వద్దు, దుమ్ము పట్టి జిడ్డు పేరుకుంటుంది. మరీ అరగదీసినా కష్టమే, ఎండాకాలానికి సొరుగు వదులై గడగడలాడుతుంది.