లేజర్ సంగతి తర్వాత, ముందు టార్గెట్ లెక్క వేయండి

లేజర్‌తో ఎక్స్‌రే ప్రాజెక్టు అనుకుని వచ్చే ఎంఎస్సీ పిల్లలు "సార్, ఎంత పెద్ద లేజర్ కావాలి?" అనే మొదలుపెడతారు. నేను ముందు కాగితం తీయమంటాను. లేజర్ తగిలే పదార్థమే టార్గెట్. అది వేడెక్కి అయాన్లు, ఎలక్ట్రాన్లు కలిసిన ప్లాస్మాగా మారి ఎక్స్‌రేలు వెదజల్లుతుంది. ఎక్స్‌రే బలం చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఎక్స్‌రే శక్తి ఎన్ని కిలో ఎలక్ట్రాన్ వోల్టులు కావాలో తేల్చుకుంటే మూలకం దొరికినట్టే. రెండే ఎలక్ట్రాన్లు మిగిలిన అయాన్ ఇచ్చే ప్రధాన గీత, అంటే ఒకే శక్తి దగ్గర మెరిసే ఎక్స్‌రే, టైటానియానికి 4.7, రాగికి 8.4, క్రిప్టాన్‌కి 13, వెండికి 22 దగ్గర ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ ప్లాస్మా ఇంకా వేడెక్కాలి. అవసరానికి మించి ఆశపడొద్దు.

తరంగదైర్ఘ్యం కూడా ముఖ్యమే. మన గాదంకిలో, లేజర్‌తో వాతావరణాన్ని పరిశీలించే లైడార్ పచ్చ కిరణం చూసే ఉంటారు. నియోడిమియం లేజర్ ఇచ్చే 1064 నానోమీటర్ల కాంతిని క్రిస్టల్‌తో 532కి తెస్తారు. అమెరికాలో లివర్‌మోర్‌లోని భారీ లేజర్ కేంద్రం నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ తన 192 కిరణాలను 1053 నుంచి 351కి తెస్తుంది. తరంగం పొట్టిదైతే ఇంకా చిక్కటి ప్లాస్మాలోకి చొరబడుతుంది.

కాంతి ఎంత చిక్కటి ప్లాస్మా దాకా వెళ్లగలదో చెప్పే అసలు లెక్క ఇక్కడుంది. 1.1×10²¹ని మైక్రాన్లలో ఉన్న తరంగదైర్ఘ్యం వర్గంతో భాగించండి. 351కి ఘనపు సెంటీమీటరుకు సుమారు 9×10²¹ ఎలక్ట్రాన్లు వస్తాయి. ఇదే హద్దు, అంతకంటే చిక్కటి చోటికి కాంతి పోదు. వెండి రేకులో ఒక్కో అయాన్ 45 ఎలక్ట్రాన్లు వదిలితే ఎలక్ట్రాన్ల సాంద్రత ఈ హద్దుకు 300 రెట్లకు చేరువవుతుంది. అంటే లేజర్ పైపొరలోనే ఆగిపోతుంది. అదే వెండిని ఘనపు సెంటీమీటరుకు 10 మిల్లీగ్రాముల ఫోమ్‌గా, అంటే స్పాంజిలా బోలుగా, చేస్తే అది 2.5×10²¹ దగ్గరకు దిగుతుంది. కిరణం లోపలికంటా వెళ్లి మొత్తాన్నీ వేడెక్కిస్తుంది. లివర్‌మోర్ వాళ్లు వెండి నానోవైర్ల ఫోమ్ చేసింది ఇందుకే. నాకు ఈ రంగంలో అన్నిటికంటే అందంగా కనిపించే ఆలోచన ఇది.

ఒక్క జాగ్రత్త. ఆ హద్దులో పావు వంతు సాంద్రత దగ్గర అస్థిరతలు పుట్టి, కొన్ని ఎలక్ట్రాన్లు మితిమీరిన వేగంతో దూసుకుపోతాయి. మనకు అక్కర్లేని, మరీ ఎక్కువ శక్తి ఉన్న గట్టి ఎక్స్‌రేలు వాటివల్లే. పోనీ అని మరీ పలచన చేస్తే వెలుగు పడిపోతుంది, ఎందుకంటే అది ఇంచుమించు సాంద్రత వర్గాన్నిబట్టి ఉంటుంది. 5 మిల్లీగ్రాములతో లెక్క మళ్లీ వేసి, రెండూ పోల్చుకోండి.

అయనీకరణ, అంటే ఒక్కో అయాన్ ఎన్ని ఎలక్ట్రాన్లు వదిలిందో, సరిచూడటానికి ఫ్లైచెక్ అనే కంప్యూటర్ కోడ్ చాలు, తిరుపతిలో హాస్టల్ గదిలోనే నడపొచ్చు. టార్గెట్ మీద లేజర్ పేల్చే షాట్ మాత్రం కాలేజీ ల్యాబ్‌లో ప్రయత్నించకండి. రేడియేషన్ రక్షణ ఉన్న ఇండోర్ రాజా రామన్న కేంద్రం, ముంబై టీఐఎఫ్‌ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) లాంటి చోట్ల అడగండి. వెళ్లేటప్పుడు ఈ లెక్కల కాగితం, ఏ ఫిల్టర్లతో ఏ గీతను కొలుస్తారో రాసిన పట్టిక దగ్గర పెట్టుకోండి. అక్కడ వాళ్లు ముందు అడిగేది వాటి గురించే.