బ్రీడింగ్ షెడ్డు కుక్కని తెచ్చుకుంటున్నారా? కాలవలకి నీళ్ళు రాకముందే ఇవి చూసుకోండి

కుక్కపిల్లల్ని పుట్టించి అమ్ముకునే షెడ్డులో ఏళ్ళ తరబడి ఈత మీద ఈత ఈనించి, ఇక పనికిరాదని వదిలేసిన తల్లి కుక్కని ఎవరో కాపాడి తెచ్చి, మీరు పెంచుకుంటారా అని అడిగితే సరే అనే ముందు ఇప్పుడు ఏ నెల నడుస్తోందో చూసుకోండి. మన గోదారి డెల్టాలో జూన్ నుంచి దీపావళి దాకా ఇలాంటి కుక్కకి గడ్డుకాలమే. కాలవలు నిండుతాయి, ఉరుములు, గోదారి వరద, చేలల్లో ఎలకల మందు, ఆఖర్న టపాకాయలు. ఏప్రిల్, మే నెలల్లో తెచ్చుకోగలిగితే చాలా మంచిది. ఇంకో మాట, షెడ్డు వాడికి మాత్రం డబ్బిచ్చి తేవద్దు, ఆ డబ్బుతో వాడు ఇంకో ఆడకుక్కని కొంటాడు. బ్రీడింగ్ చేసేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలని, 8 వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదని 2017లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది. నమోదు లేని షెడ్డు అని తెలిస్తే ఫిర్యాదు చేయండి.

మా ఇంటికి వచ్చింది ఆరేడేళ్ళ పమేరియన్. వచ్చిన పదకొండో రోజు మధ్యాహ్నం ఎక్కడో పిడుగు పడింది, ఆ చప్పుడుకి గేటు కింద సందులోంచి దూరి వెళ్ళిపోయింది. నాకు తెలియనే లేదు. పక్కవీధి బాబాయి ఫోన్ చేసి "ఏమండీ, మీ తెల్లకుక్క కాలవగట్టు మీద పోతందండి" అంటే ఇంటిల్లిపాదీ పరిగెత్తాం, మమ్మల్ని చూసి అది ఇంకా గట్టిగా పరిగెత్తింది. దాని లెక్కలో మనిషి వెంటపడితే పట్టుకుని బోనులో వేయడానికే కదా. గట్టు కోసుకుపోకుండా పేర్చిన రివిట్‌మెంట్ రాళ్ళ మీద జారి నీళ్ళలో పడింది. రేవులో గేదెల్ని కడుగుతున్న కుర్రాడు చెయ్యి అందించబట్టి బతికింది. అంత ఏటవాలు గట్టు మీదికి కుక్క తనంతట తాను ఎక్కలేదు.

అందుకే నన్నడిగితే మొదటి మూడు నెలలు జబ్బుల కంటే పారిపోవడమే పెద్ద ప్రమాదం. కుక్క రాకముందే గేటు కింద, దడి సందుల్లో ఇనప మెష్ కొట్టించండి. వీధి గుమ్మానికి, కుక్క ఉండే గదికి మధ్య ఎప్పుడూ ఇంకో తలుపు మూసి ఉండాలి. పెరట్లోకి తీసుకెళ్ళినా మెడకి కాలర్, ఒంటికి హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ), రెండిటికీ వేరువేరు తాళ్ళు కట్టండి, భయపడి వెనక్కి లాగితే కాలర్ ఒక్కటే అయితే తలలోంచి ఊడొచ్చేస్తుంది. కాలర్ మీద ఫోన్ నంబర్ రాయించండి. ఒకవేళ పారిపోతే ఊరంతా వెంటపడకుండా దానికి అలవాటైన ఒక్క మనిషే వెళ్ళి, కాస్త దూరంలో పక్కకి తిరిగి కూర్చుని తిండి పెట్టి ఆగాలి. గేటు తీసి ఉంచి, అది పడుకునే గుడ్డ గేటు దగ్గర వేయండి.

ఇంట్లో ఎవరూ తిరగని గదిలో ఒక మూల దానికి వదిలేయండి. నున్నటి టైల్స్ మీద జారి భయపడుతుంది, పాత గోనెసంచులు పరవండి. కొన్నిటికి మెట్లు, గడ్డి, ఫ్యాన్ చప్పుడు కూడా కొత్తే. దగ్గరికి లాక్కుని ముద్దు చేయడం, చుట్టాలు వస్తే చూపించడం వద్దు. పిల్లలకి ముందే గట్టిగా చెప్పండి. నేను గదిలో ఉండగా మా కుక్క అన్నం ముట్టడానికి 19 రోజులు పట్టింది, అదీ నేను వీపు తిప్పి కూర్చుంటేనే. ఆ రోజు నేను ఏడ్చాను. ఇంట్లో పాడుచేస్తే తిట్టకండి, బోనులో తిన్నచోటే అన్నీ చేసిన ప్రాణం అది. తిన్న వెంటనే రోజూ ఒకే చోటుకి తీసుకెళ్తే నెమ్మదిగా నేర్చుకుంటుంది. భయంతో ఎవరినైనా కరిస్తే గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో, ధారగా నీళ్ళు పోసి కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోండి.

వచ్చిన వారంలోనే పశువుల డాక్టరుకి చూపించి రేబిస్ టీకాతో పాటు లెప్టో (లెప్టోస్పైరోసిస్) ఉన్న టీకా అడగండి. ఎలకల మూత్రం కలిసిన వరదనీటితో వచ్చే ఈ లెప్టో జబ్బు మనుషులకీ అంటుతుంది, టీకా కొన్ని వారాల తేడాతో రెండు డోసులు పడాలి కాబట్టి వరద వచ్చాక మొదలుపెడితే లాభం లేదు. వానల్లో గోమార్లు (ఒంటికి పట్టి రక్తం పీల్చే పురుగులు) విపరీతం. గేదెలకి కొట్టే మందు దీనికి పూయకండి, నాకితే ప్రాణం మీదకొస్తుంది. ఒళ్ళు కాలిపోతూ తిండి మానేసినా, చిగుళ్ళు తెల్లబడినా, ముక్కులోంచి రక్తం వచ్చినా గోమారి జ్వరమేమోనని రక్తపరీక్ష చేయించండి, మందులు నాలుగు వారాల దాకా వాడమంటే మధ్యలో ఆపొద్దు. మన జ్వరం బిళ్ళలు అసలు వేయొద్దు. ఎదకి వచ్చి వెళ్ళిన నెలా రెండు నెలలకి నీళ్ళు తెగ తాగుతూ, మూత్రం దారిలోంచి చీములా కారితే గర్భసంచి కుళ్ళుతున్నట్టు, ఒక్క రోజు కూడా ఆగకూడదు. ఆ భయం లేకుండా, పాలు ఇంకిపోయాక డాక్టరు సరేనన్న రోజున పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేయండి. పళ్ళు, పొదుగులో గడ్డలు కూడా అప్పుడే చూడమనండి.

లంకల్లో, ఏటిగట్టు లోపల ఉండేవాళ్ళకి ఇంకో పని ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదారి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. 2022 జూలైలో మూడోది కూడా దాటిపోయింది. మీరు మొదటి హెచ్చరికకే కుక్కని గట్టు దాటించండి, రెండోదాకా ఆగితే పడవలో జనం, సామాను, అరుపుల మధ్య అది నీళ్ళలోకి దూకేస్తుంది. మోసుకెళ్ళే బోను ఉండాలి కానీ దీనికి బోనంటేనే హడలు, కాబట్టి నెల ముందు నుంచే తలుపు ఊడదీసి అందులో అన్నం పెట్టండి, తనంతట తాను వెళ్ళి పడుకునేదాకా తలుపు బిగించొద్దు. నీళ్ళు తీశాక పాములు గోడవారల్లో, కొబ్బరి డొక్కల గుట్టల్లో చేరతాయి, లైటు వేసి చూడకుండా పెరట్లోకి వదలొద్దు.

వరిచేలల్లో ఎలకలకి నూకల్లో నూనె, జింక్ ఫాస్ఫైడ్ కలిపి కన్నాల్లో పెడతారు. మాడిన కడుపుతో పెరిగిన కుక్క నేల మీద ఏది కనపడినా మింగేస్తుంది, ఆ మందుకి విరుగుడు లేదు. చుట్టుపక్కల రైతుల్ని ఎప్పుడు పెడుతున్నారో అడిగి తెలుసుకోండి, ఆ వారం గట్ల మీదికి తీసుకెళ్ళడం మానేయండి. తిన్నదని అనుమానం వస్తే పాలు, ఉప్పునీళ్ళు పట్టించకుండా మందు ప్యాకెట్టుతో సహా డాక్టరు దగ్గరికి పరిగెత్తండి.

దీపావళికి రెండు వారాల ముందే డాక్టరుతో మాట్లాడి, భయం తగ్గించే మందు అవసరమా కనుక్కోండి. ఆ సాయంత్రం చీకటి పడకముందే బయటికి తిప్పి తెచ్చి, కిటికీలు మూసి, ఇంట్లో ఒకరు దాని గదిలోనే కూర్చోవాలి. మా ఇంట్లో ఆ ఒకరు నేనే, మూడేళ్ళుగా దీపాలు పెట్టేసి లోపలికి వెళ్ళిపోతాను, అది వచ్చి నా కాళ్ళ మధ్య పడుకుంటుంది.