షెపర్డ్స్ పై (pie) అవెన్‌లో పెట్టే ముందు చూసుకోవాల్సినవి

కీమా కూర మీద మెదిపిన బంగాళాదుంప పరిచి అవెన్‌లో కాల్చే బ్రిటిష్ వంటకం ఇది.

కీమా: బ్రిటన్‌లో గొర్రె కీమాతో చేస్తేనే షెపర్డ్స్ పై, గొడ్డు మాంసంతో చేస్తే కాటేజ్ పై. ఏదైనా సరే, ఫ్రీజర్‌లో ఉంటే ముందురోజు రాత్రే కింద ఫ్రిజ్‌లోకి మార్చండి. గట్టు మీద పెట్టి కరిగించొద్దు.

బంగాళాదుంపలు: రుచి సగం ఇక్కడే తేలిపోతుంది. పిండి ఎక్కువుండే రకమే తీసుకోండి. అక్కడివాళ్లు మారిస్ పైపర్, కింగ్ ఎడ్వర్డ్ వాడతారు. చల్లటి ఉప్పునీళ్లలో వేసి పొయ్యి ఎక్కించండి. మరిగే నీళ్లలో వేస్తే పైన చితికిపోయి లోపల గట్టిగా ఉండిపోతాయి. ఉడికాక నీళ్లు వంపేసి, అదే గిన్నెను ఓ నిమిషం సన్నసెగ మీద ఉంచండి. ముక్కల అంచులు తెల్లగా పొడిబారాలి. మెదపడానికి మిక్సీ అస్సలు వద్దు, బంకలా సాగుతుంది. పప్పుగుత్తి చాలు. ముందు వెన్న, తర్వాతే వేడి పాలు.

కూర బాగా దగ్గరపడాలి. గరిటెతో గీస్తే గిన్నె అడుగు క్షణం పాటు కనిపించాలి. పలచగా, వేడిగా ఉన్నప్పుడే దుంపముద్ద వేస్తే లోపలికి దిగిపోతుంది. చల్లారనిచ్చి, అంచుల నుంచి మధ్యకు పరవండి.

కూరలో ఊస్టర్ సాస్ (పుల్లటి ఇంగ్లిష్ సాస్) వేస్తున్నారా? అందులో సాధారణంగా ఆంకోవీ చేప ఉంటుంది. తినేవాళ్లలో చేప పడనివాళ్లున్నారేమో ముందే అడగండి.

ఫ్రిజ్‌లోని గాజు పాత్రను నేరుగా వేడి అవెన్‌లో పెట్టొద్దు, పగలొచ్చు. కింద ట్రే ఉంచండి, రసం పొంగుతుంది. 200 డిగ్రీల్లో 25-30 నిమిషాలు. పైన ఎర్రబడి, అంచుల్లో బుడగలు రావాలి.

మిగిలితే రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టేయండి.